‘ఏటి మావా’లో ఏరు ఉందా?

సందేహం: మాది విశాఖపట్నం, పెదవాల్తేరు. మా నాన్నగారు పోర్టులో పనిచేసేవారు. ఆదివారం సాయంత్రాలు గెడ్డం గీసుకుంటూ ఒక పాత సినిమాలోని సరసాల పాట పాడుకునేవారు. నాయకుడు గొప్పలు చెప్పుకుంటూ ఉంటే నాయిక మధ్యమధ్య ‘ఏమిటి మావా’ అని దీర్ఘం తీస్తుంది. ఆ వంతును వంటింట్లోంచి మా అమ్మ అందుకునేది, కాని ‘ఏటి మావా’ అనేది. నాన్న వెంటనే పాట ఆపి, ‘ఏటి మావని కాదే, సముద్రం మావని’ అనేవారు. ఈ సంవత్సరం అమ్మకు ఎనభై నిండుతున్నాయని అలాంటి కబుర్లను చిన్న పుస్తకంగా వేయిస్తున్నాం. ‘ఏటి’, ‘మావ’ రెండూ తప్పుమాటలే కాబట్టి ‘ఏమిటి మామా’ అని దిద్దాలని మా తమ్ముడు పట్టుబడుతున్నాడు. దిద్దవలసిందేనా? నాన్న చమత్కారం వ్యాకరణానికి నిలుస్తుందా?

సమాధానం: దిద్దకండి. దిద్దితే మీ నాన్నగారి మాటకు ఆధారమే ఉండదు, ఎందుకంటే ‘ఏమిటి’లో ఏరు లేదు, ‘ఏటి’లో ఉంది.

ముందు ‘మావ’ సంగతి. తెలుగు వాడుకలో రెండు అచ్చుల నడుమ ఒంటిగా వచ్చిన మకారం ముక్కుతో పలికే వకారంగా మారడం ఏ ఒక్క జిల్లాకో పరిమితమైనది కాదు. మామిడి మావిడి అవుతుంది, మామూలు మావూలు అవుతుంది, పాము పావు అవుతుంది. మాట మొదట ఉన్న మకారానికి ఈ మార్పు రాదు. అందుకే ‘మామ’లో మొదటి అక్షరం చెక్కుచెదరకుండా నిలిచి, రెండోది మాత్రమే మారింది. ద్విత్వానికీ రాదు కనుక అమ్మ అమ్మగానే, కొమ్మ కొమ్మగానే ఉన్నాయి. ఈ మార్పును తప్పంటున్న మీ తమ్ముడుగారు తమ్ముడుగానే మిగలడం కూడా ఆ ద్విత్వం చలవే. ఇంత కచ్చితంగా ఎక్కడ జరగాలో అక్కడే జరిగి, జరగకూడని చోట జరగకుండా ఉండే మార్పును నోటి అలసత్వమని నేను అనలేను. పూర్ణా మార్కెట్‌లో పలక మీద సుద్దతో ‘మామిడి’ అని రాసి పెట్టి, నోటితో ‘మావిడిపళ్లు, మావిడిపళ్లు’ అని కేకవేసే వ్యాపారిని నేను చాలాసార్లు నిలబడి విన్నాను. రాతలో ఒకటి, మాటలో ఒకటి వాడుతున్నానన్న ఎరుక ఆయనకు ఉండి ఉండదు, ఉండవలసిన అవసరమూ లేదు. చిన్నప్పుడు నా వ్యాసంలో ‘మావయ్య’ కింద ఎర్రసిరాతో గీత గీసిన మాస్టారు కూడా, బడి వదిలాక వాళ్ల మేనమామను ‘మావయ్యా’ అనే పిలిచేవారు.

భర్త ‘మావ’ ఎలా అయ్యాడన్నది మీరు అడగలేదు గాని, మేనమామను పెళ్లాడే ఆచారం ఉన్న సమాజంలో అది సహజంగా పుట్టిన పిలుపు. వరస కలవని భర్తకు కూడా తరవాత అదే ముద్దుపేరయింది.

ఇక అసలు మాట ‘ఏటి’. ఏమిటిలోని మకారం పైన చెప్పిన దారిలోనే నడిచింది. అది మొదట ‘ఏవిఁటి’ అయింది, ఆ తరవాత కృష్ణా, గుంటూరు వైపు ‘ఏంటి’గా కుదించుకుపోయింది, మన ఉత్తరాంధ్రలో ఆ ముక్కుపలుకు కూడా జారిపోయి ‘ఏటి’గా తేలింది. విజయనగరంలో ఉండి ఈ పలుకులను చెవిపెట్టి విన్న గురజాడ అప్పారావుగారు, 1909 నాటి ‘కన్యాశుల్కం’ సంభాషణల్లో ‘యేవిఁటి’ అని అరసున్నతో సహా రాశారు. ‘ఏటి’ పల్లెటూరి మాట అనేవారికి త్యాగరాజస్వామి వరాళి రాగ కృతి ‘ఏటి జన్మమిది’ని గుర్తుచేయాలి. అక్కడ అది విశేషణం, మీ అమ్మగారి నోట అది సూటి ప్రశ్న, అంతే తేడా. కావేరి ఒడ్డున తిరువయ్యారులో కూర్చుని పాడినా, ఆయన అన్న ‘ఏటి’ నది కాదు, ఇదేం పుట్టుక అన్న నిట్టూర్పు.

నది అయిన ‘ఏటి’ వేరే దారిన వచ్చింది. ఏరు అన్న మాట మరో మాటకు ముందు చేరినప్పుడు, నోరు నోటి అయినట్టు, నీరు నీటి అయినట్టు, ‘ఏటి’ అవుతుంది: ఏటి ఒడ్డు, ఏటి ఇసుక. సంవత్సరమనే అర్థం గల ఏడుకు కూడా ఇదే రూపం. కాబట్టి మీ నాన్నగారికి కావాలంటే ‘ఏటి మావనేమిటి, నూరేళ్ల మావని’ అనే వీలు కూడా ఉండేది. పోర్టులో పనిచేసే మనిషి కనుక ఆయనకు సముద్రమే ముందు తోచింది.

ఆ చమత్కారం నిలబడిన తీరు చూడండి. మీ అమ్మగారి మాటలో ‘ఏటి’ ఒక వాక్యం, ‘మావా’ ఒక పిలుపు. మామూలుగా మాట్లాడేటప్పుడు రెంటి నడుమ చిన్న విరుపు ఉంటుంది. పాటలో ఆ విరుపును తాళం మింగేసింది. విరుపు పోగానే రెండు మాటలూ ఒకదానికొకటి అతుక్కుని, ప్రశ్న కాస్తా ఏటికి చెందిన మావగా వినబడింది. ఆయన ఆ సందులో దూరారు. కవులు సభంగశ్లేష అని పేరు పెట్టి మాటలను విరిచి చేసే పనిని, ఆయన మాటలను కలిపి చేశారు. మరీ చాదస్తంగా చూసే వ్యాకరణవేత్త ఉంటే, ‘ఏటి’కి జతగా ‘సముద్రపు మావని’ అనాలి గదా అని అడ్డుపడవచ్చు. సముద్రం గాలి, సముద్రం ఒడ్డు అని రోజూ అనుకునే ఊళ్లో, గెడ్డానికి సబ్బునురగతో నిలబడిన మనిషి ‘సముద్రపు’ అని ఉంటే మీ అమ్మగారు నవ్వి ఉండేవారని నేను అనుకోను.

పుస్తకంలో సినిమా పాటలోని మాటను పాటలో ఉన్నట్టే ‘ఏమిటి మావా’ అని వేయండి. మీ అమ్మగారిది ‘ఏటి మావా’ అనే, నడుమ కామా పెట్టకుండా వేయండి. వ్యాకరణం ప్రకారం అక్కడ కామా ఉండాలని అచ్చుదిద్దేవారు పెట్టబోతారు, ఆ ఒక్క చోట ఒప్పుకోకండి.