కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్ సరిగా లేవట్లేదు: ఫైళ్లు దక్కుతాయా, మళ్లీ ఇలా కాకుండా ఏం చేయాలి?

మీరు రాసింది ఇదీ: పని మధ్యలో కరెంటు పోయింది. వచ్చాక డెస్క్‌టాప్ ఆన్ చేస్తే ఒకసారి ఫ్యాన్లు తిరిగి తెర నల్లగా ఉండిపోతోంది, ఇంకోసారి విండోస్ ‘ఆటోమేటిక్ రిపేర్’ దాకా వెళ్లి మళ్లీ మొదటికే వస్తోంది. నేను చూసినంతలో ఇలాంటప్పుడు ఫైళ్లు చాలావరకు దక్కుతాయి. కాకపోతే ఏది ముందు, ఏది తర్వాత అన్న వరస తప్పకూడదు.

ముందుగా, పదే పదే ఆన్ చేసి చూడటం ఆపండి. ప్లగ్గు గోడ నుంచి పీకేసి, పవర్ బటన్ పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి. ఎస్‌ఎంపీఎస్‌లో (గోడ కరెంటును కంప్యూటర్‌కి కావాల్సినట్టు మార్చి ఇచ్చే డబ్బాలో) రక్షణ సర్క్యూట్ ఉంటుంది. తేడా కనిపిస్తే అది సప్లయి ఆపేసి అలాగే బిగుసుకుపోతుంది, కరెంటు పూర్తిగా తీస్తే గానీ వదలదు. పోయిందనుకున్న కంప్యూటర్ ఈ ఒక్క పనితో లేవడం నేను చూశాను. ఎక్స్‌టెన్షన్ బాక్సు పక్కనపెట్టి నేరుగా గోడ సాకెట్‌కి పెట్టి కూడా చూడండి.

అయినా తెర రాకపోతే, ప్లగ్గు తీసే ఉంచి ర్యామ్ ఊడదీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి. తర్వాత మదర్‌బోర్డు మీద బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీ సంగతి చూడాలి. అది 3 వోల్టులది. కరెంటు లేనప్పుడు టైమునీ, బయోస్ (విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) సెట్టింగులనీ అదే కాపాడుతుంది. ప్లగ్గులో కరెంటు ఉన్నంతకాలం ఆ బ్యాటరీ నీరసపడ్డ సంగతి మనకు తెలియదు. సరఫరా ఆగిన రోజే బయటపడుతుంది. నా పాత డెస్క్‌టాప్‌లో అదే జరిగింది. తేదీ ఏళ్ల వెనక్కి పోయింది, దాంతోపాటు డిస్కు మోడ్ (మదర్‌బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి) ‘రెయిడ్’ నుంచి ‘ఏహెచ్‌సీఐ’కి మారిపోయింది. విండోస్ నీలి తెర మీద ‘ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని చూపించింది. డిస్కు పోయింది, మార్చేయమని చెప్పినవాళ్లున్నారు. బ్యాటరీ మార్చి, మోడ్ వెనక్కి పెడితే ఏమీ జరగనట్టు లేచింది. కాబట్టి బయోస్‌లోకి వెళ్లి తేదీ, డిస్కు మోడ్, బూట్ వరస చూడకుండా డిస్కు జోలికి పోకండి.

ఇక్కడే ఒక చిక్కుంది. బయోస్ రీసెట్ అయితే, డిస్కు ఎన్‌క్రిప్షన్ (కీ లేకుండా డేటా చదవనివ్వని తాళం, విండోస్‌లో దాని పేరు బిట్‌లాకర్) ఉన్న విండోస్ 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడగొచ్చు. చాలా కొత్త కంప్యూటర్లలో ఆ ఎన్‌క్రిప్షన్ మనం చెప్పకుండానే ఆన్ అయి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి వాడుతుంటే ఆ కీ సాధారణంగా ఖాతాలోనే ఉంటుంది, ఫోన్‌లో చూసుకోవచ్చు. బయోస్ రీసెట్ చేయకముందే అది కాగితం మీద రాసిపెట్టుకోండి.

ఇక డిస్కు. చెవి పెట్టి వినండి. హార్డ్ డిస్కు టక్ టక్‌మంటుంటే వెంటనే ఆపేయండి, ఏ రిపేరూ నడపొద్దు. శబ్దమేమీ లేకపోయినా ముందు ఫైళ్లు బయటికి తీయండి. వేరే కంప్యూటర్లో లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్) తయారుచేసుకుని దాంతో బూట్ చేసి, ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసుకోవచ్చు. లేదా డిస్కు విప్పి యూఎస్‌బీ అడాప్టర్‌తో ఇంకో కంప్యూటర్‌కి తగిలించవచ్చు. స్మార్ట్ రిపోర్టులో (డిస్కు తన ఆరోగ్యం గురించి తనే ఇచ్చే లెక్కలో) ‘పెండింగ్ సెక్టార్లు’, అంటే చదవడం కష్టమవుతున్న చోట్లు, కనిపిస్తే మామూలు కాపీ వద్దు, డీడీ-రెస్క్యూ అనే లినక్స్ ప్రోగ్రామ్‌తో మొత్తం డిస్కుకి ఇమేజ్ (అచ్చు నకలు) తీయండి. అది బాగున్న భాగాలు ముందు లాగేసి, మొండికేసిన చోటికి చివర్లో వస్తుంది.

ఆ తర్వాతే విండోస్ రిపేరు కమాండ్లు: ముందు చెక్‌డిస్క్, దాని వెనక విండోస్ సొంత ఫైళ్లను సరిచేసే డిజమ్, ఎస్‌ఎఫ్‌సీ. చాలామంది చెక్‌డిస్క్‌తో మొదలుపెట్టమంటారు. నేను ఒప్పుకోను. దాని పని ఫైల్ సిస్టమ్ లెక్కలు (ఏ ఫైలు డిస్కులో ఎక్కడుందన్న చిట్టా) సరిచేయడం, మీ ఫైళ్లు కాపాడటం కాదు. ఆరోగ్యం బాగాలేని డిస్కు మీద నడిపితే ఉన్నదీ పోవచ్చు. అన్నట్టు, విండోస్ జరిగినవన్నీ రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్-పవర్ 41’ చూసి కంగారు పడకండి. సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని మాత్రమే దానర్థం. అది మనకు తెలిసిందే కదా.

విండోస్ లేచాక కూడా, కరెంటు పోయినప్పుడు తెరిచి ఉన్న ఫైళ్లను ఒక్కొక్కటీ తెరిచి చూడండి. నాకు ఒక లెక్కల షీటు సైజు సరిగ్గానే ఉంది గానీ తెరుచుకోలేదు. ఫైల్లోని అసలు బైట్లను చూపించే హెక్స్ వ్యూయర్‌లో పెడితే మొదటినుంచి చివరిదాకా సున్నాలే. కారణం ఇదీ: మనం సేవ్ కొట్టగానే డేటా డిస్కు మీద పడిపోదు, కాసేపు క్యాషేలో (కరెంటు పోతే చెరిగిపోయే తాత్కాలిక మెమరీలో) ఉంటుంది. విండోస్ డిస్కుల ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్. మార్పులు రాసిపెట్టుకునే దాని జర్నల్ ఫైలు పేరు, సైజు లాంటి వివరాలకు కాపలా కాస్తుందే గానీ లోపలి సరుకుకు పూచీ పడదు. వివరాలు రాయడం అయిపోయి సరుకు రాయకముందే కరెంటు పోతే మిగిలేది ఆ ఖాళీ పెట్టే. రాయనే రాయని డేటాని ఏ రికవరీ సాఫ్ట్‌వేరూ తేలేదు, దానికి డబ్బు తగలేయకండి. పాత వెర్షనో, ఆటోరికవర్ కాపీయో వెతుక్కోవడమే దారి. వర్డ్, ఎక్సెల్ మామూలుగా 10 నిమిషాలకోసారి ఆ కాపీ తీస్తాయి. నేను దాన్ని 2 నిమిషాలకు తగ్గించుకున్నాను. డివైస్ మేనేజర్‌లో డిస్కు పాలసీల కింద ‘రైట్-క్యాషే బఫర్ ఫ్లషింగ్ ఆపు’ (క్యాషేలోని డేటాను డిస్కు మీదికి నెట్టే పని ఆపు) అనే అర్థమొచ్చే గడి ఒకటుంది. వేగం పెరుగుతుందని ఎవరు చెప్పినా అందులో టిక్కు పెట్టకండి.

ఇక ఏం కొనాలంటే, నన్నడిగితే మొదట ఎక్స్‌టర్నల్ డిస్కు, తర్వాతే యూపీఎస్. బ్యాకప్ అయిపోగానే ఆ డిస్కు ఊడదీసి పక్కన పెట్టాలి. తగిలించే ఉంచితే వోల్టేజీ దెబ్బ దానికీ తగులుతుంది. క్లౌడ్‌లో సింక్ అవుతోంది కదా అని ఊరుకోవద్దు, పాడైన ఫైలు కూడా అంతే శ్రద్ధగా సింక్ అవుతుంది. పాత వెర్షన్లు దాచే సౌకర్యం ఉందో లేదో చూసుకోండి.

యూపీఎస్ మీద పెద్దగా రాసే వీఏ (వోల్ట్-ఆంపియర్) అంకెను నమ్ముకోకుండా వాట్లు చూడండి. 600 వీఏ అని ఉన్నవి చాలావాటికి మోసే బరువు 360 వాట్లే. గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌కి అది చాలకపోవచ్చు. వోల్టేజీ ఎక్కువగా ఎగుడుదిగుడయ్యే చోట లైన్-ఇంటరాక్టివ్ రకం (వోల్టేజీని తనే సర్దే యూపీఎస్) మేలు. యూపీఎస్‌లో బ్యాటరీ నుంచి కరెంటు వచ్చే సాకెట్లలో మానిటర్, రౌటర్ కూడా పెట్టండి, లేజర్ ప్రింటర్ మాత్రం వద్దు. అది వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటుకి యూపీఎస్ తట్టుకోలేదు. యూపీఎస్ వెనక యూఎస్‌బీ పోర్టు ఉంటే ఆ కేబుల్ తప్పక పెట్టండి. చాలా మోడళ్లను విండోస్ ల్యాప్‌టాప్ బ్యాటరీలాగే గుర్తిస్తుంది. ఛార్జి తగ్గితే తనే షట్‌డౌన్ చేసేలా పెట్టుకోవచ్చు. మనం ఇంట్లో లేనప్పుడు పనికొచ్చేది అదే. లోపలి లెడ్-యాసిడ్ బ్యాటరీ మూడు నుంచి అయిదేళ్లు వస్తుంది. అప్పుడప్పుడు పని సేవ్ చేసుకుని, గోడ దగ్గర స్విచ్ ఆపి ఎంతసేపు నిలుస్తుందో చూస్తుండండి.

సర్జ్ ప్రొటెక్టర్ (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీని అడ్డుకునేది) ఉన్నా సరే, కరెంటు వచ్చిన తొలి నిమిషాల్లో వోల్టేజీ ఊగుతుంటుంది కాబట్టి, పోయినప్పుడే ప్లగ్గు తీసి నిలకడపడ్డాక పెట్టడం నా అలవాటు. దానికి తోడు బయోస్‌లో ‘ఏసీ పవర్ లాస్’ సెట్టింగు ‘ఆఫ్’లో ఉంచండి, కరెంటు రాగానే కంప్యూటర్ తనంతట తను లేవదు. ఎర్తింగ్ లేని సాకెట్‌లో సర్జ్ ప్రొటెక్టర్ చేయాల్సిన పని సగమే చేస్తుంది, అదీ చూపించుకోండి.

ర్యామ్, బ్యాటరీ చూశాక కూడా తెర రాకపోతే, ఆన్ చేసినప్పుడు బీప్‌లు వస్తున్నాయా, ఎన్ని వస్తున్నాయి, మదర్‌బోర్డు మోడల్ ఏమిటి అన్నవి రాయండి. కంప్యూటర్లో ఉన్నది హార్డ్ డిస్కా, ఎస్‌ఎస్‌డీనా (తిరిగే భాగాలు లేని చిప్‌ల డిస్కా) అన్నది కూడా చెప్పండి.