వామింటకు రెండు పేర్లు ఎందుకు?

సందేహం: మాది చెన్నై శివారు రెడ్‌హిల్స్ దగ్గర. ముల్లంగి మడుల్లో తెల్లపూల వామింట, గట్ల మీద పసుపుపూల కుక్కవామింట మొలుస్తున్నాయి. తెల్లపూలదాన్ని మా అమ్మ కూర వండేది. ఫోనులో వెతికితే దాన్ని ఒకచోట క్లియోమ్ అని, మరోచోట గైనాండ్రాప్సిస్ అని రాశారు. ఏది నిజం? మడిలో ఉండనివ్వవచ్చా?

జవాబు: రెండు పేర్లూ మీ అమ్మగారు వండిన మొక్కవే. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దాన్ని క్లియోమ్ ప్రజాతిలో (దగ్గరి పోలికలున్న మొక్కల గుంపులో) చేర్చారు. 1824లో మరో వృక్షశాస్త్రవేత్త డి కండోల్ విడదీసి గైనాండ్రాప్సిస్ అన్నారు. ఎందుకో తెలియాలంటే ఒక పువ్వు కోసి దగ్గరగా చూడండి. నాలుగు తెల్ల రేకుల నడుమ నుంచి సన్నని కాడ లేస్తుంది. ఆరు కేసరాలూ ఆ కాడ మధ్యలో నుంచి విచ్చుకుంటాయి, పిందె ఇంకా పైన ఉంటుంది. కుక్కవామింటలో ఆ కాడ ఉండదు. కేసరాలు పువ్వు అడుగునుంచే వస్తాయి, సంఖ్యలోనూ ఎక్కువ. మొక్కంతా జిగురు. మీ ఇరుగుపొరుగు తమిళులు తెల్లదాన్ని నల్లవేళై, పసుపుదాన్ని నాయ్‌వేళై అంటారు. అక్కడ నల్ల అంటే మంచిదని అర్థం. మనవాళ్లూ, వాళ్లూ రెండోదాన్ని కుక్కపేరుతోనే పిలవడం నాకు ఎంతో ముచ్చటగా ఉంటుంది.

ఒకప్పుడు ఈ మొక్కలను ఉలిమిరి చెట్టు ఉన్న కుటుంబంలో కలిపేవారు. జన్యువులను పోల్చి చూశాక ఇవి ఆవాలు, క్యాబేజీ, ముల్లంగి కుటుంబానికే మరింత దగ్గరని తేలింది. ఆకు నలిపితే వచ్చే ఘాటుకు కారణం ఆవాలలో ఉండే తరహా పదార్థాలే. మీకు పనికొచ్చే సంగతి ఇదే: ముల్లంగిని పీల్చే మచ్చల నల్లి పురుగు వామింట మీద కూడా బతుకుతుంది. కాబట్టి మడిలో ఉంచవద్దు. కాయలు పగలకముందే పీకేయండి.

కానీ మొక్కను పోగొట్టుకోకండి. మొక్కజొన్న, జొన్నల మాదిరే సి-4 పద్ధతిలో ఆహారం తయారుచేసుకునే మొక్క ఇది, చెన్నై ఎండకు జంకదు. ముల్లంగికి దూరంగా ఒక చిన్న మడి వేసుకోండి. తాజా విత్తనం వెంటనే సరిగా మొలవదు, కొన్ని నెలలు ఆరబెట్టి నిల్వ ఉంచాక చల్లి, పలుచగా మట్టి కప్పండి. పూమొగ్గలు తుంచుతూ ఉంటే పక్క కొమ్మలు వేసి ఎక్కువ రోజులు ఆకు ఇస్తుంది. చేదు ఎక్కువనిపిస్తే ఒకసారి ఉడికించి ఆ నీళ్లు వార్చేసి వండండి.