క్లీట్లు మార్చకుండా రెండు సైకిళ్లకీ ఒకే పవర్ మీటర్

రెండు సైకిళ్లకీ మార్చి మార్చి వాడుకునే పవర్ మీటర్ (తొక్కే శక్తిని వాట్లలో కొలిచే పరికరం) అడిగారు, షిమానో ఎస్‌పీడీ-ఎస్‌ఎల్ క్లీట్లే (బూటు అడుగున ఉండి పెడల్‌కి బిగుసుకునే ముక్కలు) ఉంచుకుంటానన్నారు కాబట్టి పెడల్ రూపంలో వచ్చే గార్మిన్ ర్యాలీ ఆర్‌ఎస్ నేరుగా సరిపోతుందండీ. ఇంకో పెడల్ మీటర్ ఫావెరో అసియోమా డ్యుయోకి మాత్రం వేరే రకం, లుక్ కియో తరహా క్లీట్లు కావాలి. అందులోనే షిమానో కోసం చేసిన డ్యుయో-షి అయితే దాని ఇరుసును షిమానో పెడల్ బాడీలో బిగించుకోవాలి, పాదాల మధ్య ఎడం పెరుగుతుంది. మోకాలి నొప్పి ఉన్నవాళ్లకి దాన్ని నేను సిఫారసు చేయను.

ఎడమ పెడల్‌లోనే సెన్సర్ ఉండే ఒకవైపు మోడల్ ఎడమకాలి లెక్కనే రెట్టింపు చేస్తుంది. ఎడమ వాటా 48 శాతమైతే 200 వాట్లు 192గా కనిపిస్తాయి. ఆ వాటా ఎప్పుడూ ఒకేలా ఉంటే ఫర్వాలేదు గానీ, అలసటతో మారుతుంది, అదే చిక్కు.

సైకిల్ మార్చిన ప్రతిసారీ యాప్‌లో క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) పొడవు చూసుకోండి: 170 మి.మీ. క్రాంక్‌కి 175 అని ఉంటే రీడింగ్ 3 శాతం ఎక్కువొస్తుంది. ఎడమ పెడల్ మర రివర్స్ (అపసవ్య దిశలో తిప్పితే బిగుస్తుంది), మరకి గ్రీజు రాయడం మరవద్దు. బిగించాక నాలుగైదుసార్లు గట్టిగా తొక్కి, దిగి, జీరో ఆఫ్‌సెట్ (బరువు లేనప్పుడు రీడింగ్‌ని సున్నాకి సరిచేయడం) చేయండి.