ముందు గార వదిలించుకో తమ్ముడూ

అమెరికా వచ్చి రెండు నెలలైనా కాలేదు, అప్పుడే పళ్లు తెల్లబడే స్ట్రిప్స్ ఏవి మంచివని అడుగుతున్నావు. ఇక్కడివాళ్ల నవ్వు చూసి, ఇంటికెళ్లి అద్దంలో పళ్లు ఇకిలించి చూసుకోని మనవాళ్లెవరు? నేనైతే డాలస్‌కి వచ్చిన మొదటి చలికాలం, నిమ్మచెక్కకి ఉప్పద్ది రెండు వారాలు రుద్దాను. తెల్లబడటం దేవుడెరుగు, కుళాయి నీళ్లు నోట్లో పోసుకుంటే నరం జివ్వుమని లాగేది. నిమ్మ పులుపు పంటి పైపొర ఎనామిల్‌ని మెత్తబరుస్తుంది, దాన్ని నేనే ఉప్పుతో గీరేసుకున్నానన్నమాట. పోయిన ఎనామిల్ మళ్లీ రాదు. బొగ్గుపొడి పేస్టులూ అదే బాపతు. అమ్మమ్మ చెప్పిన నువ్వుల నూనె పుక్కిలిస్తే చెడేం లేదు గానీ, బ్రష్ మానేసి దాన్నే నమ్ముకోకు. లవంగం నొప్పిని కాసేపు జోకొడుతుందంతే, పుచ్చు ఎక్కడికీ పోదు.

మనలో చాలామందికి పసుపుగా కనబడేది పంటి రంగు కాదు, గార. అది బ్రష్‌కి రాదు, స్ట్రిప్‌కి అసలే రాదు. డెంటిస్ట్ దగ్గర క్లీనింగ్ చేయిస్తేనే పోతుంది. దానివల్ల పళ్లు వదులవుతాయని మీ అమ్మగారు అంటారేమో. అన్నాళ్లూ గార కూరుకుపోయిన సందులు అది పోయాక బయటపడతాయి, అంతే.

మెడికల్ ఇన్సూరెన్స్‌లో పళ్లు మామూలుగా ఉండవు, డెంటల్ విడిగా తీసుకోవాలి. చాలా ప్లాన్లలో ఏడాదికి రెండు క్లీనింగులు వాళ్లే కడతారు. ఫిల్లింగ్‌కి 80 శాతం, క్రౌన్‌కి, అంటే పంటి మీద వేసే తొడుగుకి, 50 శాతం మామూలు. వాళ్లిచ్చేది మొత్తం కలిపి ఏడాదికి 1000 నుంచి 2000 డాలర్ల దాకా, ఆ పైన మన జేబే. పెద్ద పని పడి, అది కొన్నాళ్లు ఆగగలిగేదైతే కొంత డిసెంబర్లో, కొంత జనవరిలో చేయించుకో, రెండేళ్ల పరిమితీ వాడుకోవచ్చు. వైటెనింగ్ మాత్రం సోకు కింద లెక్క, మామూలుగా ఇన్సూరెన్స్ పైసా ఇవ్వదు, జీతంలోంచి పన్ను లేకుండా వైద్యానికని పక్కన పెట్టుకునే ఎఫ్ఎస్ఏ డబ్బులూ పనికిరావు. ఇన్సూరెన్స్ లేని స్టూడెంట్లు దగ్గర్లో డెంటల్ కాలేజీ ఉందేమో చూసుకోండి. టైమ్ పడుతుంది, బిల్లు తగ్గుతుంది.

ఇక డీప్ క్లీనింగ్, అంటే చిగుళ్ల కిందికి కూడా వెళ్లి గార గీకి తీయడం. నన్ను మొదటిసారి కుర్చీలో కూర్చోబెట్టగానే, నాలుగు వైపులా డీప్ క్లీనింగ్ తప్పదని కాగితం చేతిలో పెట్టారు. సంతకం పెట్టకుండా ఇంకో డెంటిస్ట్ దగ్గరికెళ్లాను. అక్కడ పళ్లు క్లీన్ చేసే హైజీనిస్ట్ సన్నటి పుల్లలాంటిదాన్ని చిగుళ్లలోకి దించుతూ 'మూడు, రెండు, మూడు' అని చదువుతుంటే పక్కనున్నావిడ రాసుకుంది. అవి మిల్లీమీటర్లు. మూడులోపు అయితే చిగురు బాగున్నట్టు. నాలుగో అయిదో, ఆ పైనో ఉండి, ఎక్స్‌రేలో ఎముక కూడా తగ్గి ఉంటేనే డీప్ క్లీనింగ్ మాట. నాకు ఒక్క పక్కే అవసరమైంది. నీ అంకెలు, ఎక్స్‌రే కాపీ అడిగి తీసుకో, మొహమాటపడకు.

ఇదంతా అయ్యాకా తెల్లదనం కావాలనిపిస్తే, డెంటిస్ట్ నీ పళ్ల అచ్చు తీసి ట్రే చేసిస్తారు. అందులో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ వేసుకుని రాత్రిళ్లు పెట్టుకోవాలి, రెండు మూడు వారాలు. కొన్నాళ్లు జివ్వుమనొచ్చు, తగ్గిపోతుంది. క్రౌన్లు, ముందుపళ్ల ఫిల్లింగులు మాత్రం పాత రంగులోనే ఉండిపోతాయి, అది ముందే చూసుకో.

నల్గొండ వైపు అన్నావు కదా. పళ్ల మీద సున్నం మరకలో, గోధుమరంగు చారలో ఉంటే అది ఫ్లోరోసిస్, అంటే తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చింది కావచ్చు. చిన్నప్పుడు పళ్లు లోపల తయారయ్యేటప్పుడే పడ్డ మచ్చ అది, స్ట్రిప్స్ వేస్తే తెల్ల మచ్చ ఇంకా కొట్టొచ్చినట్టు కనబడొచ్చు. దానికి పైపొరని కాస్త అరగదీసే పద్ధతి ఉంది, జిగురులాంటి రెజిన్ పట్టించే పద్ధతీ ఉంది. ఇక్కడ చాలా ఊళ్ల కుళాయి నీళ్లలో లీటరుకి 0.7 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ కలుపుతారు గానీ, అది పుచ్చు రాకుండా, భయపడకు. మొదటి రోజు ఫారం నింపేటప్పుడే, చిన్నప్పుడంతా ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగానని రాసెయ్. లేకపోతే బ్రష్ సరిగ్గా చెయ్యడంటూ నీకో క్లాసు పీకుతారు.