డాక్టర్ సలహా: మెడకు కైరోప్రాక్టిక్ సిట్టింగులు కొనసాగించవచ్చా?

ప్రశ్న: నా వయసు 51. పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తుంటాను. పదేళ్లుగా నడుము నొప్పి, మూడేళ్లుగా మెడ నొప్పి ఉన్నాయి. ఫోన్‌లో వీడియోలు చూసి, విశాఖపట్నంలో ఒక కైరోప్రాక్టిక్ (వెన్నుపూసలను చేతులతో నొక్కి, కుదిపి చేసే చికిత్స) సెంటర్‌కు వెళ్లి నాలుగు సిట్టింగులు చేయించుకున్నాను. నడుముకు చేసిన తర్వాత వారం రోజులు హాయిగా ఉంది. మెడను పక్కకు తిప్పి ఒక్క కుదుపు ఇచ్చినప్పుడు టకటకమని శబ్దం వచ్చి తేలికపడినట్లు అనిపించింది గానీ, మూడో సిట్టింగ్ తర్వాత రెండు రోజులు కళ్లు తిరిగాయి. పన్నెండు సిట్టింగులకు ఒకేసారి డబ్బు కడితే తగ్గిస్తామంటున్నారు. మా బావమరిది ఇదే చేయించుకుని బాగుపడ్డానంటున్నాడు. మా అన్నయ్య మాత్రం నరాలు తెగిపోతాయని భయపెడుతున్నాడు. ఈ వైద్యం మంచిదేనా? బీపీ మందు వాడుతున్నాను. నొప్పి ఎక్కువైతే మందుల షాపులో మాత్ర తెచ్చుకుంటాను, వారానికి నాలుగైదు అవుతాయి. ఈ మధ్య కుడికాలి చెప్పు నాకు తెలియకుండానే జారిపోతోంది, చొక్కా గుండీలు పెట్టుకోవడానికీ ఆలస్యమవుతోంది. వయసు వల్లనేమో. – ఒక పాఠకుడు, పలాస

జవాబు: మీరు అడిగిన ప్రశ్న కంటే, చివర్లో ‘వయసు వల్లనేమో’ అని మీరే తీర్పు చెప్పేసిన ఆ రెండు విషయాలే నన్ను ఎక్కువ కలవరపెట్టాయి. 51 ఏళ్లకే గుండీలు పెట్టుకోలేనంత ముసలితనం ఎవరికీ రాదు. కాబట్టి కైరోప్రాక్టిక్ మంచిదా చెడ్డదా అన్న మాటను కాసేపు పక్కన పెట్టి, ముందు మీ చెప్పు సంగతి, గుండీల సంగతి చూద్దాం.

మెడలోని పూసల మధ్య ఉన్న గొట్టంలాంటి దారిలోంచి వెన్నుపాము కిందికి దిగుతుంది. వయసుతో డిస్కులు అరిగి వెనక్కు ఉబ్బడం, ఎముకల అంచులు పెరగడం, లిగమెంట్లు మందమెక్కడం వల్ల ఆ దారి ఇరుకైపోతే వెన్నుపాము నలుగుతుంది. దీన్ని సర్వైకల్ మైలోపతి అంటాము. మెడ దగ్గర ఒక నరం మాత్రమే నొక్కుకుపోతే చేతిలోకి మంటలా, లాగుతున్నట్లుగా నొప్పి దిగుతుంది కనుక రోగి ఆ వారంలోనే మా దగ్గరికి పరుగెత్తుకొస్తాడు. వెన్నుపాము నలిగితే అంత నొప్పి ఉండకపోవచ్చు, కొందరికి అసలే ఉండదు. వేళ్లలో నేర్పు తగ్గుతుంది, చిల్లర లెక్కపెట్టడం, సూదిలో దారం ఎక్కించడం, సంతకం చేయడం కష్టమవుతాయి. కాళ్లు బిగుసుకుపోయినట్లుండి, చీకట్లో నడిచేటప్పుడు తూలుతున్నట్లు అనిపిస్తుంది. చెప్పు జారిపోయిన సంగతి నాలుగడుగులు వేసి వెనక్కి చూసుకుంటే గాని తెలియదు. ఇవన్నీ నెలల తరబడి మెల్లగా జరుగుతాయి గనుకే జనం వాటికి అలవాటుపడిపోయి, వయసు మీదో నీరసం మీదో నెట్టేస్తారు. ఒకసారి బాగా దెబ్బతిన్న వెన్నుపాము ఆపరేషన్ తర్వాత కూడా పూర్తిగా కోలుకోకపోవచ్చు కాబట్టి, ఇక్కడ ఆలస్యానికి మనం చెల్లించే మూల్యం పెద్దది.

మీకు ఈ జబ్బే ఉందని ఉత్తరం చూసి నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు కూడా చెప్పు ఇలాగే జారుతుంది. నడుము దగ్గర నరం నొక్కుకుపోయి పాదం పైకి లేవకపోయినా, బి12 విటమిన్ లోపించినా ఇలా జరగవచ్చు. అయితే చేయీ కాలూ రెండూ కలిసి మొరాయిస్తున్నప్పుడు ముందుగా అనుమానించవలసింది మెడనే. పది సెకన్లలో పిడికిలిని ఎన్నిసార్లు పూర్తిగా ముడిచి తెరవగలరో మీ ఇంట్లో ఎవరినైనా లెక్కపెట్టమనండి. మామూలుగా ఇరవై సార్లకు తగ్గదు. తగ్గితే జబ్బు ఖాయమనీ, తగ్గకపోతే ఏమీ లేదనీ దాని అర్థం కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు చెప్పుకోవడానికి ఒక వివరం మాత్రమే. ఈ వారంలోనే శ్రీకాకుళంలోగాని విశాఖపట్నంలోగాని న్యూరాలజిస్టునో, వెన్నెముక చూసే ఆర్థోపెడిక్ డాక్టర్‌నో కలవండి. చిన్న సుత్తితో మోకాళ్లు, మోచేతులు తట్టి, నడిపించి చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. అవసరమైతే మెడకు ఎంఆర్ఐ రాస్తారు. దీనికి సాధారణంగా రంగు ఇంజెక్షన్ అవసరం ఉండదు. అంతవరకు మీ మెడ మీద ఎవరి చెయ్యీ పడకూడదు. ఆ సెంటర్ వారిదే కాదు, గడ్డం గీసి, తలకు మర్దన చేసి, చివర్లో అలవాటు కొద్దీ మెడను రెండు వైపులా విరిచే సెలూన్ కుర్రాడిదీ పడకూడదు.

మూడో సిట్టింగ్ తర్వాత కళ్లు తిరిగాయన్న మాటను కూడా మీరు తేలిగ్గా రాసేశారు. మెదడు వెనుక భాగానికి రక్తం తీసుకెళ్లే రెండు ధమనులు మెడపూసల పక్క రంధ్రాల గుండా పైకి వెళతాయి. మెడను వేగంగా మెలితిప్పినప్పుడు, చాలా అరుదుగానే అయినా, ఆ ధమని లోపలి పొర చిరిగి, అక్కడ గడ్డకట్టిన రక్తం మెదడుకు చేరి పక్షవాతం వచ్చిన ఉదంతాలు వైద్య గ్రంథాలలో ఉన్నాయి. ధమని అప్పటికే చిరగడం మొదలై, ఆ నొప్పితోనే మెడ చూపించుకోవడానికి వెళ్లినవాళ్లూ వారిలో ఉండవచ్చు గనుక ప్రతిసారీ తప్పు మెడ తిప్పినవారిదే అనడం న్యాయం కాదు. మీ కళ్లు తిరగడానికి కారణం బీపీ కావచ్చు, చెవి కావచ్చు, మరేదైనా కావచ్చు. కానీ ఆ సంగతి చెప్పిన తర్వాత కూడా నాలుగోసారి మీ మెడను తిప్పి ఉంటే, వారు చేసింది సరికాదు. మీరు అసలు చెప్పకపోయి ఉంటే, పొరపాటు మీది. ఇకమీదట మునుపెన్నడూ లేని తలనొప్పి గాని మెడ నొప్పి గాని హఠాత్తుగా వచ్చినా, మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, మింగడం కష్టమైనా, నడక తూలినా తెల్లవారేదాకా చూద్దామనుకోకుండా 108కి ఫోన్ చేయండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే అవకాశం ఉంటుంది.

ఇక నాకు కోపం తెప్పించిన వాక్యానికి వస్తాను. ‘మందుల షాపులో మాత్ర తెచ్చుకుంటాను’ అని, అదేదో టీ తాగి వచ్చినట్లు రాశారు. ఏ మాత్రో పేరు కూడా రాయలేదు, బహుశా మీకూ తెలియదు. వారానికి నాలుగైదు అంటే నెలకు ఇరవై, అదీ బీపీ ఉన్న మనిషి, అదీ పలాసలో. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను తినేసిందో మీకు నేను చెప్పనక్కరలేదు. మీ ఊళ్లోనే 2023 డిసెంబరులో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయంటే ఊరికే కాదు. ఉద్దానం అని పిలిచే ఈ ప్రాంతపు కిడ్నీ జబ్బుకు నొప్పి మాత్రలే కారణమని నేను అనడం లేదు, దాని కారణం ఇప్పటికీ ఇదమిత్థంగా తేలలేదు. కానీ అలాంటి నేల మీద బతుకుతూ, ఉన్న కిడ్నీలకు మన చేతులతో మనమే మరో భారం తగిలించడం తగదు.

డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు నొప్పిని తగ్గించే దారిలోనే కిడ్నీలోకి రక్తాన్ని తెచ్చే సన్నని నాళాలను తెరిచి ఉంచే పదార్థాలను కూడా అడ్డుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్నవారికి రెండు మూడు రోజులు వాడితే సాధారణంగా నష్టం ఉండదు. ఎండలో తిరిగి ఒంట్లో నీరు తగ్గినవారికి, కొన్ని రకాల బీపీ మందులతో పాటు నీరు పోయే మాత్ర కూడా వాడేవారికి మాత్రం ఇదే మాత్ర కిడ్నీలను హఠాత్తుగా దెబ్బతీయగలదు. పైగా బీపీని పెంచుతుంది, కడుపులో పుండు చేస్తుంది. కిడ్నీ సగానికి సగం పాడయ్యేదాకా మనిషికి ఏమీ తెలియకపోవచ్చు, కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ కూడా అంతవరకు మామూలుగానే కనిపించవచ్చు.

ఒకసారి జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్లే ఒక తల్లి నడుము నొప్పితో నా దగ్గరికి వచ్చింది. రోజంతా నేల మీద కూర్చుని వంగి చేసే పని గనుక నడుము నొప్పికి కారణం వెతకనక్కరలేదు. ఏం మందులు వాడుతున్నావమ్మా అని అడిగితే, కొంగు ముడి విప్పి నాలుగు మాత్రలు నా బల్ల మీద పెట్టింది. కత్తిరించిన రేకు ముక్కలు, పేరున్న భాగం అవతలి ముక్కతో పోయింది. పొద్దున ఒకటి, పనిలోంచి వచ్చాక ఒకటి, రెండేళ్లుగా వాడుతోంది. మాత్ర వేసుకోకపోతే కూలి పోతుంది బాబూ అంది. రక్తపరీక్ష రాసి, ఆ కాగితం తిరిగొచ్చిన తర్వాత నేను నడుము గురించి మాట్లాడనే లేదు, నేరుగా కిడ్నీ డాక్టర్ దగ్గరికి పంపాను. ఆమెకైనా కూలి పోతుందన్న భయం ఉంది. లెక్కలు రాసే మీకు మాత్ర వెనకాల పేరు చదవడానికి ఏమడ్డం వచ్చింది? కాబట్టి క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, షుగర్, బీపీ ఈ వారమే చూపించుకోండి. షాపు మాత్ర ఆపండి, బీపీ మాత్ర మాత్రం ఆపవద్దు. నొప్పి భరించలేకపోతే మీ డాక్టర్‌ను అడిగి పారాసిటమాల్ వాడవచ్చు. మద్యం అలవాటు, లివర్ జబ్బు ఉంటే దానికీ హద్దులున్నాయి. ‘ఒక్క సూదితో లాగేస్తాను’ అనేవారి దగ్గరికి వెళ్లకండి. ఆ సూదిలో స్టెరాయిడ్ కలిసి ఉన్నా మీకు తెలిసే దారి లేదు.

కైరోప్రాక్టిక్ మాటకు వస్తే, ఇది 1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రం, డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ అనే వ్యక్తి మొదలుపెట్టిన పద్ధతి. వినికిడి లేని ఒక మనిషి వెన్నుపూసను సర్ది చెవులు వినిపించేలా చేశానని ఆయన చెప్పుకున్నాడు. దాదాపు రోగాలన్నీ పూసలు పక్కకు జరగడం వల్లే వస్తాయన్న ఆ పాత వాదాన్ని నేటి వైద్యశాస్త్రం ఒప్పుకోదు. అయితే నడుము నొప్పి వరకు ఈ చికిత్సను పూర్తిగా కొట్టిపారేయడం కూడా సరికాదు. కొత్తగా వచ్చిన నడుము నొప్పికి మందుల కన్నా ముందు ప్రయత్నించదగినవాటిలో దీన్నీ ఒకటిగా అమెరికా ఫిజీషియన్ల కాలేజీ (అక్కడి వైద్యుల సంఘం) 2017లో చేర్చింది. బ్రిటన్‌లో 2016 మార్గదర్శకాలు మాత్రం వ్యాయామంతో కలిపి చేస్తేనే చేయమన్నాయి. ప్రయోజనం ఉన్నా కొద్దిపాటిదే, మంచి ఫిజియోథెరపీ ఇచ్చేదానికి మించదు. టకటకమనే ఆ శబ్దం ఎముక చోటుకు వచ్చినందువల్ల కాదు, మెటికలు విరిచినప్పటిలాగే కీలులోని ద్రవంలో వాయువు బుడగ ఏర్పడినందువల్ల వస్తుంది. వీడియోల్లో మైకు మెడ దగ్గర పెట్టి మరీ వినిపిస్తున్నారు గనుక జనం ఆ చప్పుడునే వైద్యం అనుకుంటున్నారు.

మీ బావమరిది అబద్ధం చెబుతున్నారని నేను అనను. ఆయన నొప్పి తగ్గిన మాట నిజమే అయి ఉంటుంది. నడుము పట్టేసినప్పుడు చాలామందికి నాలుగు నుంచి ఆరు వారాల్లో దానంతట అదే సర్దుకుంటుంది, మనిషి వైద్యం కోసం బయల్దేరేది నొప్పి ముదిరిన రోజున, కాబట్టి ఆ తర్వాత ఏది చేసినా దానికే పేరు వస్తుంది. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత నడుము తొక్కించుకుని బాగుపడ్డామని చెప్పేవాళ్లు మా ఓపీలో ఈనాటికీ ఉన్నారు, వాళ్ల అనుభవమూ ఇంత నిజాయితీగలదే. నరాలు తెగిపోతాయన్న మీ అన్నయ్య మాట కూడా అతిశయోక్తే. నా అభ్యంతరం మరొకటి. మీ రిఫ్లెక్స్‌లు చూడకుండా, చేతుల బలం పరీక్షించకుండా, బీపీ, మందుల వివరాలు అడగకుండా మెడ తిప్పారా లేదా అన్నది మీ ఉత్తరంలో లేదు. మన దేశంలో కైరోప్రాక్టర్లకు లైసెన్సు ఇచ్చి పర్యవేక్షించే చట్టబద్ధమైన కౌన్సిల్ లేదు గనుక, కైరోప్రాక్టిక్ సెంటర్ అన్న బోర్డు కింద కూర్చున్నవారిలో చక్కగా చదువుకున్న ఫిజియోథెరపిస్టు ఉండవచ్చు, కొద్దిరోజుల శిక్షణతో వచ్చినవారూ ఉండవచ్చు. వారి చదువు ఏమిటో అడిగే హక్కు మీకుంది, అడిగితే నొచ్చుకునేవారి దగ్గర పడుకోకండి.

పరీక్షలన్నీ సవ్యంగా ఉంటే, నడుముకు ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో వ్యాయామం మొదలుపెట్టండి, దానితో పాటు నడుముకు కైరోప్రాక్టిక్ కావాలంటే అప్పుడు ఆలోచించవచ్చు. మెడకు మాత్రం, ఎంఆర్ఐ బాగున్నా సరే, ఆ కుదుపు వద్దనే నా సలహా. సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలో లేపే నడుము నొప్పి ఉంటే వెన్నెముక టీబీ గాని మరేదైనా గాని లేదని తేలేవరకు నడుమునూ ముట్టనివ్వకండి. మూత్రం బిగిసినా, మలద్వారం చుట్టూ తిమ్మిరెక్కినా, కాళ్లు చచ్చుబడుతున్నా అది అదే రోజు ఆసుపత్రికి చేరవలసిన అత్యవసర పరిస్థితి. పన్నెండు సిట్టింగుల డబ్బు కట్టకండి, ఎంఆర్ఐకి దాచుకోండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు వాడిన మాత్రల రేకులన్నీ వెంట తీసుకెళ్లండి. ఆ జారిపోయే చెప్పులే వేసుకుని వెళ్లండి, కొత్తవి కొనుక్కోవద్దు. ఏ వైపు ఎంత అరిగిందో చూస్తే మీ నడక గురించి డాక్టర్‌కు కొంత తెలుస్తుంది.