సైట్ లెక్కల్లో ఇంకా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 ఎందుకు కనిపిస్తోంది?

2001లో వచ్చిన ఆ బ్రౌజర్ నుంచి ఇప్పటికీ విజిట్లు వస్తున్నట్టు కనిపిస్తే టెన్షన్ పడకండి, చాలావరకు అవి మనుషులవి కావు. బ్రౌజర్ పేరు, వెర్షన్ యూజర్ ఏజెంట్ అనే చిన్న వరుసలో వస్తాయి, పంపేవాళ్లు అందులో ఏం రాస్తే అదే, సర్వర్ నిజానిజాలు చూడదు. ఎప్పుడో రాసిన బాట్ (మనిషి లేకుండా తనంతట తానే సైట్లు తిరిగే ప్రోగ్రామ్) స్క్రిప్టుల్లో ఆ పాత పేరు అలాగే ఉండిపోయింది. సర్వర్ లాగ్ (వచ్చిన ప్రతి అభ్యర్థనా నమోదయ్యే ఫైల్) తెరిచి ఒక్క ఐపీ, అంటే ఒక్క ఇంటర్నెట్ చిరునామా, ఏం చేసిందో వరసగా చూడండి: పేజీ మాత్రం అడిగి, బొమ్మలు, పేజీ రూపాన్ని, పనితీరును నడిపే సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ ఫైళ్లు ఏవీ ముట్టుకోకుండా, మీ సైట్‌లో లేనే లేని లాగిన్ పేజీ కోసం వెతికి 404 (పేజీ లేదనే జవాబు) తెచ్చుకుందంటే అది దాదాపు ఖాయంగా బాటే.

వెర్షన్ 7 కనిపిస్తే మాత్రం తొందరపడి బ్లాక్ చేయకండి. ఎక్స్‌ప్లోరర్ 11 కంపాటిబిలిటీ వ్యూలో (పాత సైట్ల కోసం పాత బ్రౌజర్‌లా నడిచే పద్ధతిలో) ఉన్నప్పుడు తనను 7 అని చెప్పుకుంటుంది, కానీ అదే వరుసలో ట్రైడెంట్/7.0 (ఎక్స్‌ప్లోరర్ 11 లోపలి ఇంజిన్ పేరు) అని కూడా ఉంటుంది, అది నిజమైన పాఠకుడు కావచ్చు.