రైట్ రైట్: ఈ వారం ఉత్తరాలు

(ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీలో కండక్టర్‌గా చేరి, బస్టాండ్ కంట్రోలర్‌గా రిటైరైన మా శీర్షికకర్త జవాబులు)

ప్రశ్న: మా ఊరు మండల కేంద్రానికి 14 కిలోమీటర్లు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి పల్లెవెలుగు వచ్చేది. కరోనా అప్పుడు ఆపారు, మళ్ళీ వేయలేదు. రెండుసార్లు అర్జీ పెట్టుకున్నాం. పరిశీలిస్తామన్నారు, అంతే. మా అమ్మాయి ఇంటర్‌కి ఆటోలో వెళ్తోంది, రోజుకు 80 రూపాయలు. ఆడవాళ్ళకు బస్సు ఉచితమని అందరూ అంటుంటే నవ్వొస్తోంది. బస్సే లేదు కదా! ఏం చేయమంటారు?
– ఒక తల్లి (ఊరి పేరు వేయవద్దన్నారు)

జవాబు: అమ్మా, ఆ అర్జీ నకలు కూడా పంపి ఉంటే బాగుండేది. ‘మా గ్రామానికి బస్సు సౌకర్యం కల్పించవలెనని ప్రార్థన’ అని రాసి ఉంటారు. అలాంటివి నా టేబుల్ మీద కట్టలు కట్టలు చూశాను. డిపో మేనేజర్‌కి పనికొచ్చే ముక్క అందులో ఒక్కటీ ఉండదు. డిపోలో బస్సులు లెక్క ప్రకారమే ఉంటాయి. మీ ఊరికి కొత్తగా ఒకటి వేయాలంటే ఇంకో ఊరిది తీయాలి. అది ఎవరూ చేయరు. కానీ తిరుగుతున్న బస్సునే ఇంకో నాలుగు కిలోమీటర్లు సాగదీయమంటే ఆలోచిస్తారు.

అందుకని ముందు మీ చుట్టుపక్కల ఏ ఊరి దాకా బస్సు వచ్చి వెనక్కి తిరిగిపోతోందో చూడండి. ‘ఫలానా సర్వీసు పొద్దుటి ట్రిప్పు మా ఊరి దాకా పొడిగించండి. 7.40కి మా రచ్చబండ దగ్గరుంటే ఇంతమంది కాలేజీ పిల్లలు ఎక్కుతారు’ అని రాయండి. పిల్లల పేర్లు, కాలేజీ, తరగతి వరసగా వేసి, కింద ప్రిన్సిపాల్ సంతకం పెట్టించండి. ‘డయల్ యువర్ డీఎం’ పేరుతో డీఎం గారు నేరుగా ఫోన్లో మాట్లాడే రోజు ఒకటి పెడుతుంటారు. ఆ రోజు తెలుసుకుని, కాగితం ముందు పెట్టుకుని మాట్లాడండి. ఆర్టీసీ ప్రభుత్వంలో కలిసింది కదా, ఇంకా ఈ లెక్కలేంటి అంటారేమో. 2020 జనవరి 1న ప్రభుత్వంలోకి వెళ్ళింది సిబ్బంది. డీజిల్ లెక్క మాత్రం ఇప్పటికీ డిపో నెత్తి మీదే ఉంది.

పాత బస్సు ఎన్నింటికి వచ్చేదో మీరు రాయలేదు. నా అనుమానమంతా అక్కడే. ఎందుకంటే ఒక ఊరి బస్సు నా చేతుల మీదుగానే ఆగిపోయింది, ఆ సంగతి చెప్పకుండా మీకు సలహాలిస్తే బాగుండదు. ‘రాబడి లేదు, మూడు రోజులు లెక్క తీసి రాయండి’ అని పైనుంచి కాగితం వచ్చింది. తీశాను. మొదటి రోజు ఆరుగురు, రెండో రోజు పదకొండు మంది, మూడో రోజు నలుగురు. రాసి సంతకం పెట్టాను. నెలాఖరుకల్లా బస్సు తీసేశారు. ఆ మూడు రోజులూ మే నెలలో అని, బడులకు సెలవులని నాకు తట్టనే లేదు. పైగా ఆ బస్సు ఊళ్ళోకి వచ్చేది పదింబావుకి. అప్పటికి కూలికెళ్ళేవాళ్ళూ కాలేజీకెళ్ళేవాళ్ళూ ఆటో ఎక్కి వెళ్ళిపోయేవాళ్ళు. జనం లేక బస్సు ఆగలేదమ్మా, జనం వెళ్ళిపోయాక బస్సు వచ్చేది. రెండేళ్ళ తర్వాత ఒక పెళ్ళికి ఆ ఊరు వెళ్ళాల్సి వచ్చింది. బస్ షెల్టర్‌లో గేదెను కట్టేసి ఉన్నారు. నన్నెవరూ గుర్తుపట్టలేదు. కొసరి కొసరి వడ్డించారు. ముద్ద దిగలేదు.

కాబట్టి అర్జీలో టైము రాయడం మరవకండి. లెక్క తీయడానికి మనిషి వస్తున్నాడంటే అది ఏ నెలో చూసుకోండి. సెలవుల్లో అయితే బడులు తెరిచాక తీయమని సర్పంచ్ చేత రాయించండి.

ఇంకోటి, బస్సు వచ్చాక మాట. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద పల్లెవెలుగులో ఆడవాళ్ళకు డబ్బులు లేవు కానీ టికెట్ ఉంది. సున్నా టికెట్ అంటారు. ‘ఊరికే కదా, కాగితం ఎందుకులే’ అని చాలామంది అడగరు, కండక్టర్ కూడా రద్దీలో వదిలేస్తాడు. ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు ఇచ్చేది ఆ టికెట్ల లెక్క మీదే. నలభై మంది నిలబడి ప్రయాణం చేసినా, మిషన్లో టికెట్ కొట్టకపోతే డిపోకి అది ఖాళీ బస్సే. ఆధార్ చూపించి, అడిగి మరీ తీసుకోండి.

రోడ్డుకు రెండు వైపులా సర్కారు తుమ్మ పెరిగి ఉంటే రూటు చూడ్డానికి వాళ్ళు రాకముందే కొట్టించండి. ‘రోడ్డు బాగోలేదు’ అని డ్రైవర్ రాసే ఒక్క ముక్క చాలు, ఫైలు మూసేయడానికి. వీలైతే నైట్ హాల్ట్ అడగండి. రాత్రి మీ ఊళ్ళోనే పడుకున్న బస్సు పొద్దున్నే మీ ఊళ్ళోనే బయల్దేరుతుంది, లేటు అనే మాటుండదు. దానికి సిబ్బందికి తాళం వేసుకునే గది, నీళ్ళు, మరుగుదొడ్డి ఉండాలి. మా రోజుల్లో బడి వరండాలో దోమల మధ్య పడుకున్నాం. ఇప్పటి పిల్లలు పడుకోరు, వాళ్ళ తప్పేం లేదు.

ప్రశ్న: నేను సర్పంచ్‌ని. ఊరు 12 కిలోమీటర్ల లోపల ఉంది. పంచాయతీయే సొంతంగా బస్సు నడుపుకోవచ్చా?

జవాబు: బస్సు కొనొచ్చు గానీ దారిపొడవునా జనాన్ని ఎక్కించి టికెట్ కొట్టాలంటే స్టేజ్ క్యారేజ్ పర్మిట్ కావాలి. దాని జోలికి పోకండి. కేరళ వాళ్ళది చూడండి. అక్కడి ఆర్టీసీ 2022లో ‘గ్రామవండి’ మొదలుపెట్టింది, తిరువనంతపురం జిల్లా కొల్లయిల్ పంచాయతీతో. బస్సు, డ్రైవరు, కండక్టరు ఆర్టీసీవి. డీజిల్ ఖర్చు పంచాయతీది. డీజిల్ పోసేది పంచాయతీ కాబట్టి ఏ దారిన, ఎన్నింటికి తిరగాలో వాళ్ళే చెబుతారు. మీ ఊరికి రెండుసార్లు వచ్చి వెళ్తే 48 కిలోమీటర్లు. పల్లెవెలుగు లీటరుకు ఐదు కిలోమీటర్ల చొప్పున పది లీటర్లు, లీటరు వంద వేసుకున్నా నెలకు ముప్పై వేలు. మీ ఒక్కరికీ బరువే. అదే దారిలో ఉన్న మూడు పంచాయతీలు కలిస్తే తలా పదివేలు. మన దగ్గర అలాంటి పథకం లేదు గానీ, ముగ్గురు సర్పంచులు తీర్మానాలు పట్టుకుని వెళ్తే రీజినల్ మేనేజర్ కూర్చోబెట్టి మాట్లాడతారు. తెలంగాణలో 2025 నుంచి మహిళా సమాఖ్యలు బస్సులు కొని ఆర్టీసీకే అద్దెకిస్తున్నాయి. మీ డ్వాక్రా సంఘాల వాళ్ళకు ఆ మాట చెవిన వేయండి.

ప్రశ్న: కిటికీలోంచి తువ్వాలు వేస్తే సీటు నాదేనా? మొన్న పెద్ద గొడవైంది.

జవాబు: టికెట్ తీసుకుని కూర్చున్న మనిషిదే సీటు, తువ్వాలుది కాదు. అయినా నా సర్వీసులో నేనెప్పుడూ ఎవరి తువ్వాలూ తీయించలేదు, గొడవ నాకెందుకని. సంత రోజు ఒకాయన కిటికీలోంచి కాళ్ళు కట్టేసిన కోడిపుంజును సీట్లో వేశాడు. దాన్ని కదిలించే ధైర్యం ఎవరికీ రాలేదు. ఆయన తీరిగ్గా ఎక్కి కూర్చున్నాడు. నేను కోడికి లగేజీ టికెట్ కొట్టాను. నాలుగు స్టేజీల దాకా ఆయన నాతో మాట్లాడలేదు.